గ్రాండ్‌గా గాలా నైట్ పెడితే వరద బాధితులకు చివరికి ఎంత చేరుతుంది?

మీ ప్రశ్న చదివాను. హనుమకొండలో పెద్ద హాలు తీసుకుని, లైట్లు, డ్యాన్సులు, వేలం పాట, విందు అన్నీ కలిపి ఒక గాలా నైట్ పెట్టి వరద బాధితుల కోసం నిధులు సేకరిద్దామని మీ సంఘంలో కొందరు అంటున్నారు. మిగతావాళ్లేమో "ఆ ఖర్చేదో నేరుగా బాధితులకే ఇస్తే పోలా?" అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

నేను ఇక్కడే ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తాను. మా కాలేజీ పాత విద్యార్థుల సంఘానికి ట్రెజరర్‌ని. 2023 అక్టోబర్‌లో మేం అచ్చం ఇలాంటిదే చేశాం. ఆ సాయంత్రం చాలాసేపు గేటు దగ్గర టేబుల్ వేసుకుని రసీదులు రాస్తూ కూర్చున్నాను కాబట్టి డ్యాన్సులు ఎలా ఉన్నాయో అడగకండి. లెక్కలు మాత్రం పైసాతో సహా చెప్పగలను.

"నేరుగా ఇద్దాం" అనే మాట వినడానికి బాగుంటుంది. మేం మొదట చేసింది అదే. ఆ ఏడాది జులై చివరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకుముందు ఎక్కడా అంత వాన నమోదు కాలేదు. 27న తెల్లవారుజామున మోరంచ వాగు మోరంచపల్లి మీద పడితే జనం డాబాలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చి వాళ్లను బయటికి తెచ్చాయి. ఇటు వరంగల్ సిటీలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. రెండు రోజులకు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ వేడిలో మా వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టాం. గ్రూపులో 400 మందికి పైనే ఉన్నారు. పది రోజుల్లో వచ్చింది లక్షా ఎనభై వేలు. అందులో సగం ఐదుగురే ఇచ్చారు. మిగతావాళ్లు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

అదే మనుషులు అక్టోబర్‌లో పట్టుబట్టలు కట్టుకుని వచ్చి మైకులో లక్షలు ప్రకటించారు. నాకిది నచ్చిందా అంటే నచ్చలేదు. కానీ నలుగురి ముందు తీసినంత సులువుగా నాలుగు గోడల మధ్య జేబులోంచి డబ్బు రాదు. అందుకని గాలా వద్దని నేను చెప్పను. మీరు జాగ్రత్త పడాల్సింది వేరే చోట.

ముందు మా ఖర్చు చూడండి. హాలుకు లక్షన్నర. క్యాటరింగ్ ప్లేటు 850 చొప్పున 320 ప్లేట్లకు 2 లక్షల 72 వేలు. డెకరేషన్ లక్షా ఇరవై వేలు. సౌండ్, లైట్లు, ఎల్ఈడీ స్క్రీన్ కలిపి 95 వేలు. యాంకర్, డ్యాన్స్ ట్రూప్ 80 వేలు. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు 43 వేలు. మొత్తం 7 లక్షల 60 వేలు. హాలు ఆ రేటుకు దొరకడానికి కారణం అవి పితృపక్షాలు కావడం. పెత్రమాస ముందు పెళ్లిళ్లు ఉండవు కదా, హాళ్లన్నీ ఖాళీ. మా పెద్దలు ఇద్దరు ముగ్గురు "ఈ రోజుల్లో శుభకార్యమా?" అని ముఖం చిట్లించారు. ఇది శుభకార్యం కాదండీ, దానం, పెద్దల పేరున దానం చేసే రోజులే కదా ఇవి అని చెప్తే ఒప్పుకున్నారు. ఈ పాయింట్ మీరు కూడా వాడుకోవచ్చు.

పాసు 2,500 పెట్టాం. అమ్ముడైనవి 240, అంటే 6 లక్షలు. మిగతా 80 ప్లేట్లు ఎవరివి అంటారా? స్పాన్సర్ల ఫ్యామిలీలు, గెస్టులు, గెస్టుల వెంట వచ్చినవాళ్లు. అంటే పాసుల డబ్బుతో ఆ సాయంత్రం ఖర్చే వెళ్లలేదు. ఇంకా లక్షా అరవై వేలు లోటు. స్పాన్సర్లు 4 లక్షలు ఇచ్చారు కాబట్టి గట్టెక్కాం. స్పాన్సర్ల డబ్బు చేతికి రాకముందే హాలుకు అడ్వాన్స్ కట్టడం మా ఫస్ట్ తప్పు.

రెండో తప్పు ప్లేట్ల గ్యారంటీ. మేం 320 చెప్పాం, తిన్నది 270 మంది. డబ్బు మాత్రం 320కీ కట్టాల్సిందే. రాత్రి పదకొండున్నరకు మిగిలిన బిర్యానీ, పప్పు, పెరుగన్నం ఒక ఆటోట్రాలీలో వేసుకుని ఎంజీఎం ఆసుపత్రి దగ్గర బయట పడుకునే రోగుల బంధువులకు పంచాం. నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తంలో సాయం చేశామని నాకు అనిపించింది ఆ అరగంటే.

ఇక వేలం పాట. ఆ టైమ్‌కి రసీదు బుక్కు ఇంకొకరికి ఇచ్చి లోపలికి వెళ్లాను. చేర్యాల బొమ్మలు, పెంబర్తి ఇత్తడి దీపస్తంభం, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్న తీగ పని) ట్రే, కొత్తవాడ దర్రీ (మగ్గం మీద నేసిన తివాచీ) పెట్టాం. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. యాంకర్ ఆ ముక్క చెప్పగానే రేటు కదలడం మొదలైంది. మార్కెట్లో 6 వేలు చేసే దర్రీ. ఒక డాక్టర్, ఒక రైస్ మిల్లు ఓనర్, ఇద్దరూ ఒకే బ్యాచ్. చదువుకునే రోజుల నుంచి ఒకరంటే ఒకరికి పడదు. పది, పదిహేను, ముప్పై, నలభై. 52 వేల దగ్గర డాక్టర్ గారు పాడుకున్నారు. హాలంతా చప్పట్లు.

ఆ దర్రీ నేసి ఉచితంగా ఇచ్చినాయన వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా దగ్గరకొచ్చి "సార్, అది ఎవరికి పోయింది?" అని మెల్లగా అడిగాడు. చెప్పాను. "నీళ్లల్ల నానబెట్టొద్దని చెప్పుండ్రి సార్, ఎర్ర రంగు దిగుతది" అన్నాడు, అంతే. అప్పుడు తట్టింది నాకు. స్టేజ్ మీదికి ఆయన్ని ఎవరూ పిలవలేదు. శాలువాలు 22 తెచ్చాం, 22 అయిపోయాయి. ఒక శాలువా తగ్గిందని బజారుకు పోయి తెద్దామంటే రాత్రి తొమ్మిదిన్నర. పదికల్లా మైకు ఆపాలి కాబట్టి అప్పటికే ఓట్ ఆఫ్ థాంక్స్ మొదలైంది. నేను చేయగలిగింది ఆయన్ని తీసుకెళ్లి ముందు వరుస టేబుల్ దగ్గర భోజనానికి కూర్చోబెట్టడం.

అసలు కథ మైకులో ప్రకటనలది. ఒకాయన లక్ష అంటే ఇంకొకాయన లక్షన్నర. ఆ ఊపులో మొత్తం 14 లక్షల 50 వేలు ప్రకటించారు. వేలంలో 3 లక్షల 10 వేలు. పాసులు, స్పాన్సర్లు కలుపుకుంటే 27 లక్షల 60 వేలు. తెల్లారి పేపర్ జిల్లా ఎడిషన్లో "27 లక్షల విరాళాలు" అని ఫొటోతో సహా వచ్చింది.

మా ఫంక్షన్ అక్టోబర్ 7, శనివారం. సోమవారం ఎలక్షన్ షెడ్యూల్ వచ్చి కోడ్ మొదలైంది. ఇక చూడండి నా తిప్పలు. "కోడ్ ఉంది కదా, క్యాష్ తీయలేం." "ఎలక్షన్లు కానీయండి సార్, చూద్దాం." "మా అబ్బాయితో మాట్లాడి చెప్తా." ఒకాయనైతే నేను ఫోన్ చేసినప్పుడల్లా ఎదురు నన్నే "ఇంకా రాలేదా మీ దగ్గరికి?" అని అడిగేవాడు. డబ్బు తనంతట తాను నడిచి వస్తుందన్నట్టు. మార్చి 31కి ఖాతా మూసేసరికి ప్రకటనల్లో వచ్చింది 8 లక్షల 20 వేలు, వేలంలో 2 లక్షల 65 వేలు. మొత్తం జమ 20 లక్షల 85 వేలు. ఖర్చు తీసేస్తే 13 లక్షల 25 వేలు. పేపర్లో వచ్చినదాంట్లో సగం కూడా కాదు. ఈ లెక్క జనరల్ బాడీలో చదివినప్పుడు నా వంక చూసిన చూపులు ఇంకా మర్చిపోలేదు.

అందుకే మీకు చెప్పేది ఒక్కటే. పేరు మైకులో చదవడం డబ్బు పడ్డాకే. ప్రతి టేబుల్ మీద క్యూఆర్ కోడ్, చెక్కు కోసం ఒక కవర్ పెట్టండి. స్లిప్ మీద యూపీఐ లావాదేవీ నంబర్ రాసిస్తేనే యాంకర్‌కు వెళ్లాలి. ఊపు తగ్గుతుందని డెకరేషన్ కమిటీ గొడవ చేస్తుంది. తగ్గనివ్వండి. 14 లక్షల చప్పట్ల కంటే 9 లక్షలు జమయ్యాయని బ్యాంకు పంపే ఎస్సెమ్మెస్‌లు మేలు.

ట్యాక్స్ విషయంలో కూడా మా దగ్గర కొంత రచ్చ జరిగింది. భోజనం, షో కలిపి అమ్మిన పాసు విరాళం కిందికి రాదు, అది అమ్మకం. దానికి పన్ను మినహాయింపు రసీదు (మా అప్పుడు 80జి రసీదు అనేవాళ్లం) ఇమ్మని అడుగుతారు, ఇవ్వకండి. పాసు వేరు, విరాళం వేరు అని రెండు రంగుల రసీదు పుస్తకాలు పెట్టుకోండి. విరాళమైనా క్యాష్‌లో 2,000 దాటితే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ ఆ మినహాయింపు లేదు. ఇది ముందే చెప్పకపోతే తర్వాత "నువ్వే మోసం చేశావు" అంటారు. దాతల వివరాలతో ఆదాయపు పన్ను శాఖకు ఫారం వేసి, వాళ్లకు సర్టిఫికెట్లు ఇవ్వాలి. మా అప్పుడు అవి 10బిడి, 10బిఇ, గడువు మే 31. పాన్ నంబర్ ఆ రాత్రే రాయించుకోండి, తర్వాత ఫోన్లు ఎత్తరు.

అమెరికా వాళ్ల సంగతి కూడా. మన వరంగల్ వాళ్లు అక్కడ ఇంటికొకరు ఉన్నారు, పంపిస్తామంటారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లది మాత్రం విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు ఉన్నా సరే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా రూపాయి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. మా బ్యాచ్‌మేట్ ఒకతను వెయ్యి డాలర్లు పంపుతానంటే వద్దని చెప్పాల్సొచ్చింది. ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

ఇక ఆ 13 లక్షలతో ఏం చేశామన్నది. ఆగస్టులో క్యూఆర్ డబ్బుతో మోరంచ వాగు పక్క ఊరికి బియ్యం, నూనె, దుప్పట్ల కిట్లు తీసుకెళ్లాం. బడి వరండాలో అప్పటికే పాత చీరలు మనిషెత్తు కుప్ప. ఒక ముసలమ్మ కిట్టు తీసుకుని పక్కన పెట్టి "బియ్యం మస్తు వచ్చినయ్ బిడ్డా. ఎవలొచ్చినా బియ్యమే తెస్తున్నరు. బాయికాడ మోటర్ ఇసుకల కూరుకపోయింది, అది లేపిచ్చేటోళ్లు ఒక్కలు లేరు" అంది. గాలా డబ్బు ఎలాగూ వరద వచ్చిన మర్నాడు అందదు. హాలు బుక్ చేసి, పాసులు అమ్మి, బాకీలు వసూలు చేసేసరికి నెలలు గడుస్తాయి. ఆకలి తీర్చడం ఆ డబ్బు పని కాదు. అప్పటికి కెమెరాలు, లారీలు అన్నీ వెళ్లిపోయి ఉంటాయి. రైతు మాత్రం ఇసుక మేటలు వేసిన పొలం గట్టు మీద కూర్చుని ఉంటాడు, యాసంగి నాట్లకు ఎలా అని.

మేం 61 మోటర్లు బాగు చేయించాం, సగటున 7 వేలు పడింది, అంటే 4 లక్షల 27 వేలు. డబ్బు రైతుల చేతికి ఇవ్వలేదు, పరకాలలో వైండింగ్ షాపుకే కట్టాం. నిజంగా తీగ మార్చాడని తెలిసేలా షాపు వాడు పాత కాలిన తీగ తూకం వేసి మాకు చూపించాలని కండిషన్. ఇసుక మేటలు తీయడానికి జేసీబీలు, ట్రాక్టర్లకు 5 లక్షల 20 వేలు. బర్రెలు కొట్టుకుపోయిన ఐదు ఇళ్లకు తలా ఒక బర్రె, మూడున్నర లక్షలు. మిగిలిన 28 వేలు పిల్లల పుస్తకాలు, బండి కిరాయి.

బర్రెలు ఇచ్చిన రోజు ఫొటో కోసం స్పాన్సర్లు నలుగురు వచ్చారు. ఫ్లెక్సీ గాలికి టపటపా కొట్టుకునేసరికి ఒక బర్రె బెదిరి పగ్గం తెంపుకుని పక్కనున్న పత్తి చేలో పడింది. దాన్ని పట్టుకురావడానికి గంట. ఆ గంటలో స్పాన్సర్లలో ఇద్దరు ప్యాంట్లు మడిచి చేలో పరుగెత్తారు. తర్వాత తాము ప్రకటించి బాకీ పడ్డ డబ్బు మొత్తం కట్టింది కూడా వాళ్లిద్దరే. కాబట్టి వీలైతే మీ దాతలను హాలుకు పిలిచే ముందు ఒకసారి ఊరికి తీసుకెళ్లండి.

రావాల్సిన 6 లక్షల 75 వేలు ఇప్పటికీ రాలేదు, ఇక రావు. అందులో 45 వేలు పెంబర్తి దీపస్తంభానివి. పాడుకున్నాయన డబ్బు కట్టలేదు, వస్తువు తీసుకోలేదు. అది మా ఆఫీసులో బీరువా మీద ఉంది, నెలకోసారి చింతపండుతో తోముతున్నాం. మీ వేలానికి కావాలంటే పంపిస్తాను. డబ్బు పడ్డాకే చేతికివ్వండి.