పోర్టులు రాకపోవడానికి కారణం వ్యూ

నెట్‌వర్క్‌లోని పరికరాలను గమనించే లైబ్రెఎన్‌ఎంఎస్‌లో ఉబుంటు సర్వర్ పేరు, అప్‌టైమ్ కనిపిస్తూ పోర్టులు (నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లు) మాత్రం ఖాళీగా ఉన్నాయన్నారు కదా. అంటే ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాల వివరాలు అడిగి తెలుసుకునే ప్రోటోకాల్) కమ్యూనిటీ, అంటే దాని పాస్‌వర్డ్ లాంటి పదం, ఫైర్‌వాల్ రెండూ సరిగ్గానే ఉన్నాయి, వాటిని కదపకండి.

ఉబుంటులో ఆ ప్రశ్నలకు జవాబిచ్చే సర్వీస్ ఎస్‌ఎన్‌ఎంపీడీ. దాని డిఫాల్ట్ కాన్ఫిగ్‌లో 'సిస్టమ్‌ఓన్లీ' అనే వ్యూ, అంటే ఏయే వివరాలు చూపించాలో చెప్పే జాబితా, ఉంటుంది. వివరాలన్నీ నంబర్లతో గుర్తించే ఒక చెట్టులా ఉంటాయి; ఆ వ్యూ అందులో .1.3.6.1.2.1.1, .1.3.6.1.2.1.25.1 కొమ్మలను మాత్రమే చూపిస్తుంది. ఇంటర్‌ఫేస్‌ల పట్టిక .1.3.6.1.2.1.2 కింద ఉంటుంది కాబట్టి అడిగినా జవాబు రాదు.

ఆ వ్యూ లైన్ల కిందే అదే పద్ధతిలో .1.3.6.1.2.1 చేర్చండి. సీపీయూ, మెమరీ వివరాలకు .1.3.6.1.4.1.2021 కూడా కావాలి. సర్వీస్ రీస్టార్ట్ చేశాక, మానిటరింగ్ సర్వర్ నుంచే .1.3.6.1.2.1.2.2.1.2 మీద ఎస్‌ఎన్‌ఎంపీ వాక్ (ఒక కొమ్మ కింది వివరాలన్నీ వరసగా అడిగే కమాండ్) నడపండి. ఇంటర్‌ఫేస్ పేర్లు వరసగా రావాలి. అవి రాకుండా ముందుకెళ్లడం వృథా.

లైబ్రెఎన్‌ఎంఎస్ పోర్టుల్లాంటివి వెతికి చేర్చుకునే డిస్కవరీ మామూలుగా 6 గంటలకోసారే నడుస్తుంది, అందుకే చేత్తో ఒకసారి నడపండి. ట్రాఫిక్ గ్రాఫ్‌కు రెండు పోలింగ్‌ల (విలువలు చదివే విడతల) తేడా కావాలి, దాదాపు 10 నిమిషాలు ఆగండి.