అనుమతి ఉన్నా కాపీరైట్ క్లెయిమ్ వస్తే

భీమిలి తీరంలో తీసిన మీ లఘుచిత్రంలో విశాఖ బ్యాండ్ ఇష్టపడి ఇచ్చిన పాటనే వాడినా, దానిపై యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చిందని, ఏం చేయాలని అడిగారు. ఇందుకు కారణం, చాలావరకు, ఆ పాటను బ్యాండ్ తరఫున ఆన్‌లైన్‌లో విడుదల చేసిన డిస్ట్రిబ్యూటర్ సంస్థ దానిని కంటెంట్ ఐడీలో, అంటే వీడియోల్లో వాడిన పాటలను తానే గుర్తించే యూట్యూబ్ వ్యవస్థలో, నమోదు చేయడమే.

1. వీడియో లింకు పంపి, క్లెయిమ్ ఎత్తివేయమని బ్యాండ్ వారే తమ డిస్ట్రిబ్యూటర్‌ను కోరాలి. చాలామంది వదిలేసేది ఇదే. మీ ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం ఆ సంస్థకు తెలిసే వీలు లేదు.

2. వాట్సాప్‌లో అన్న మాటతో సరిపెట్టుకోకుండా, సంతకాలతో లైసెన్సు పత్రం రాయించుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, గడువు రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు కనుక, విదేశీ చిత్రోత్సవాలకు పంపదలిస్తే విదేశాల్లోనూ వాడుకోవచ్చన్న మాట పత్రంలో తప్పక ఉండాలి. సాహిత్యం, బాణీ, రికార్డింగు హక్కులు వేర్వేరు వ్యక్తులవైతే అందరూ సంతకం చేయాలి.

3. అప్పటికీ తొలగకపోతే, ఆ పత్రం ఆధారంగా యూట్యూబ్‌లో డిస్ప్యూట్ (క్లెయిమ్‌పై అభ్యంతరం) వేయండి. క్లెయిమ్ వేసినవారు 30 రోజుల్లోగా స్పందించకపోతే క్లెయిమ్ రద్దవుతుంది.