ఇంటికి ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాం" అని పెట్టేస్తున్నారా?

సందేహం: అమెరికా వచ్చి కొన్ని నెలలైంది. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులున్నాయి. ఎప్పుడు చేసినా నాన్నగారు "బాగానే ఉన్నాం" అని పెట్టేస్తారు. అమ్మా అంతే. ఊళ్ళో ఉన్న తమ్ముడు నా గొంతు వింటేనే చిరాకుపడుతున్నాడు. ఏం చెయ్యాలి?

సమాధానం: ముందు టైం చూసుకోండి. మీరు న్యూయార్క్ వైపు, ఈస్టర్న్ టైంలో ఉంటే వేసవిలో ఊరు 9.30 గంటలు ముందుంటుంది. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 10.30. ఆఫీసు నుంచొచ్చి సాయంత్రం 6.30కి మీరు ఫోన్ తీసేసరికి అక్కడ తెల్లవారుజాము 4 గంటలు, చలికాలంలో 5. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది సూర్యోదయానికి ముందే. అప్పుడు కరెంటు పోయి, జనరేటర్ అందుకోకపోతే, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి రొయ్య చచ్చి తేలిపోతుంది. టార్చిలైటు పట్టుకుని గట్టుమీద తిరిగే మనిషి మీతో ఏం మాట్లాడతారు చెప్పండి? మీకు పొద్దున్న 7 అయినప్పుడు చెయ్యండి. అక్కడ సాయంత్రం 4.30, చలికాలంలో 5.30.

తర్వాత అడిగే తీరు. "అంతా బాగేనా?" అంటే "బాగానే" అనే వస్తుంది. వాళ్ళ రోజు ఎలా గడుస్తోందో తెలిసి అడగాలి. వేసవిలో కాలవలు కట్టేస్తారు, అంటే నీళ్ళు వదలడం ఆపేస్తారు. సముద్రం వైపు కింది ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పన. అప్పుడు "కాలవ కట్టేలోపు మంచినీళ్ళ చెరువు నింపారా అమ్మా? బిందె ఎవరు మోస్తున్నారు?" అనండి. మోకాళ్ళ నొప్పి సంగతి దానంతటదే బయటికొస్తుంది. వచ్చాక వెంటనే "డబ్బు పంపుతాను, పనిమనిషిని పెట్టుకో" అనకండి, మాట అక్కడితో తెగిపోతుంది. ఆవిడ చెప్పింది పూర్తిగా విని, "మెట్లెక్కేటప్పుడే ఎక్కువుందా?" అని ఇంకొకటి అడగండి. ఆ తర్వాత "నన్నేమైనా చెయ్యమంటావా, ఊరికే వినమంటావా?" అంటే ఆవిడే చెబుతుంది.

స్పీకర్ వద్దు. పక్కన నాన్నగారుంటే అమ్మ నొప్పి చెప్పదు, అమ్మ వింటుంటే నాన్నగారు అప్పు చెప్పరు. ఎవరి ఫోన్‌కి వాళ్ళకి చెయ్యండి. వీడియోకన్నా మామూలు కాల్ నయం. వీడియో అనగానే మొహం తుడుచుకుని నవ్వు తెచ్చుకుంటారు.

వరద రోజుల్లో మరీ జాగ్రత్త. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె టీవీలో చూసి "తాళం వేసి వచ్చెయ్యండి" అనేస్తుంటారు. గోదావరి మధ్య లంకలో ఉన్న చుట్టాలకి ఆ అంకె అంటే గేదెల్ని ఏటిగట్టుమీదికి తోలడం, మేత మోసుకెళ్ళడం, పడవ కోసం కాచుకోవడం. "గేదెల్ని తోలేశారా? మందులు ఎన్నాళ్ళకున్నాయి?" అని అడిగితే వాళ్ళకి ఊరట. ఏటిగట్టుకి ఇవతల, ఊరివైపున్న మీ ఇంట్లోవాళ్ళ భయం ఎక్కువగా వానదే. మురుగుకాలవ లాగక చేను మునుగుతుంది, చెరువు పొర్లి రొయ్య కొట్టుకుపోతుంది. రెండిళ్ళకీ ఒకటే ప్రశ్న పనికిరాదు.

తమ్ముడి చిరాకుకి కారణం చాలా ఇళ్ళల్లో ఒకటే. ఆస్పత్రి వరసలో నిలబడేది, రాత్రి కాపలా కాసేది అతను. "ఇంకో డాక్టర్‌కి చూపించాల్సింది" అని దూరం నుంచి సలహా ఇచ్చేది మీరు. ఆ మాట మానెయ్యండి. మరదలికీ విడిగా ఫోన్ చేసి, అత్తగారికి ఆవిడ చేస్తున్న పని పేరుపెట్టి చెప్పండి: పత్యం వండటం, రాత్రి లేవటం. తర్వాత అక్కణ్ణించే చెయ్యగలిగే పని ఒకటి పూర్తిగా మీ నెత్తినేసుకోండి. కరెంటు బిల్లులు, మందుల ఆర్డరు, డాక్టర్ అపాయింట్‌మెంటు, ఏదైనా సరే. ఏది కావాలో తమ్ముణ్ణే అడగండి. మొదట్లో "ఏమీ వద్దులే" అంటాడు. వారం పోయాక మళ్ళీ అడగండి. ఒప్పుకున్నాక ఆ పని మళ్ళీ అతనికి గుర్తు చెయ్యాల్సిన అవసరం రానివ్వకండి.