అడగండి, చెబుతాం: చెరువు కట్ట మీద వరాహస్వామి

ప్రశ్న: మా ఊరి చెరువు తూము పక్కన ఒక నిలువు రాయి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు. వాటి కింద పంది, ఆవు, దూడ. వరాహస్వామి అని ఏటా నూనె, పసుపు పూసి కొబ్బరికాయ కొడుతున్నాం. ఈసారి రంగులు వేయించి చిన్న గుడి కట్టాలని పెద్దమనుషులు అంటున్నారు. వేయించొచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ మండలం

జవాబు: రంగు డబ్బా మూత తీయకముందే అడిగారు, మంచిదైంది. మీరు చెప్పిన గుర్తులు దానశాసనానివి, అంటే ఇచ్చిన దానాన్ని చెక్కించి నిలిపిన రాయివి. సూర్యచంద్రులున్నంత కాలం దానం నిలవాలని ఆ రెండూ నెత్తిన చెక్కుతారు. పంది రాజముద్ర. కల్యాణి చాళుక్యులది వరాహ లాంఛనం, కాకతీయులూ దాన్ని వాడారు. పాలమూరు, నల్గొండ వైపు ఇద్దరి శాసనాలూ ఉన్నాయి.

వరాహమూర్తి అయితే మనిషి ఒళ్లు, పంది ముఖం ఉంటాయి. పై చేతుల్లో శంఖచక్రాలు, ఎత్తిన కాలి కింద శేషుడు, మోచేతి మీదో తొడ మీదో భూదేవి. పూర్తిగా జంతువు రూపంలో యజ్ఞవరాహం కూడా ఉంది గానీ, దాని ఒంటి నిండా దేవతల, ఋషుల బొమ్మలు వరుసలు కట్టి ఉంటాయి. రాయి నెత్తిన అరచేయంత పంది, పక్కన కత్తి కూడా ఉంటే అది రాజముద్రే, ఇక అనుమానమే అక్కర్లేదు.

నాలుగు వైపులా చూడండి, కింద అక్షరాలు ఉంటాయి. నూనె, పసుపు, దుమ్ము కలిసి గట్టిపడితే అవి పూడిపోతాయి. ఇనుప బ్రష్‌తో గీకినా, యాసిడ్ పోసినా అక్షరం అంచే పోతుంది. రంగు వేస్తే అక్షరాలు పూడిపోతాయి, ఆ రంగు గీకబోతే అంచులూ పోతాయి. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. అక్షరాల్లో సుద్ద నింపొద్దు. మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే రాయి చదునుగా పడుతుంది. పొద్దునో సాయంత్రమో ఎండ పక్కనుంచి వాలుగా పడ్డప్పుడు తీయండి, లేదా చీకట్లో టార్చి పక్కనుంచి పట్టండి. ఆ ఫొటోలు పురావస్తు శాఖకు ఇవ్వండి. కాగితం మీద అచ్చు తీసే పని వాళ్లకే వదలండి. మొక్కు మానమనడం లేదు, కొబ్బరికాయ మాత్రం వేరే బండ మీద కొట్టండి.

ప్రశ్న: మత్స్యావతారంలో వేదాలు దొంగిలించింది సోమకుడా, హయగ్రీవుడా? హయగ్రీవుడు దేవుడు కదా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: భాగవతం అష్టమ స్కంధంలో దొంగ హయగ్రీవుడనే రాక్షసుడు. సోమకాసురుడి పేరు మనకు హరికథల్లో ఎక్కువ వినబడుతుంది. గుర్రపు తల విష్ణువు వేరు. ఆయన మధుకైటభులను చంపి వేదాలు తెచ్చాడు, అందుకే రెండు కథలూ కలిసిపోతుంటాయి. వీటికన్నా పాతదైన శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో అసలు దొంగే లేడు: మనువు చేతిలో పడ్డ చేపపిల్ల కుండలో, గుంటలో, ఆపైన సముద్రంలో పెరిగి, వరదలో ఆయన ఓడను కొమ్ముకు కట్టించుకుని లాక్కెళ్తుంది. ఆ చేప విష్ణువని కూడా అక్కడ చెప్పరు.