చిన్నీకి, బస్సెక్కే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ కోడలు బెంగళూరొస్తా ఉంది, మారతహళ్ళిలో ఏందో కోర్సంట, అయిపోతానే ఉద్యోగం గ్యారంటీ అంట" అన్నాడు. అన్న గొంతులో అంత హుషారు విని చాలా రోజులైంది. నాకూ గర్వంగానే అనిపించింది. మా ఇంటికొచ్చినప్పుడు లిఫ్ట్ అంటే భయపడి ఏడుస్తూ మెట్లెక్కిన పిల్లవి, ఇంజినీరై ఒక్కదానివే వస్తున్నావు.

ఫోన్ పెట్టేసే ముందు అన్న ఇంకో మాటన్నాడు. "చేరే రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమన్నారంట, ఫైలు సర్దుకుంటా ఉంది." ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని నీ పని నువ్వు చేస్తావు. అందుకే రాస్తున్నా. రెండుసార్లు చదువు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తా. పీజీ హాస్టల్‌కి ఫోటోలు చూసి అడ్వాన్స్ పంపకు, వెళ్ళి చూసి కుళాయి తిప్పి చూడు. 2024 ఎండాకాలంలో ఈ ఊరు ట్యాంకర్ల కోసం ఎట్లా ఎదురుచూసిందో నాకు తెలుసు. రెజ్యూమె ఒక్క పేజీ చాలు. తిండికి భయం లేదు, మారతహళ్ళిలో వీధికొక ఆంధ్రా మెస్ ఉంది. అయినా నాలుగు కన్నడ ముక్కలు నేర్చుకో, ఆటోవాళ్ళ దగ్గర పనికొస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకు సగమే తెలుసు.

నేను 2001లో అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీలో ఈసీఈ ముగించి ఇక్కడికొచ్చాను. ఆ ఏడు అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలిపోయి, ఇక్కడ ఆఫర్ లెటర్లు ఇచ్చినవాళ్ళు కూడా "తర్వాత కబురు చేస్తాం" అని ఊరుకున్నారు. నా చేతిలో ఆ లెటర్ కూడా లేదు. తిరగ్గా తిరగ్గా ఒక బేకరీ మీద రెండు గదుల కంపెనీ దొరికింది. మూడు నెలలు ట్రైనింగ్, తర్వాత ప్రాజెక్టు, రెండేళ్ళ బాండ్, నలభై వేల డిపాజిట్, పైన ఒరిజినల్స్. మీ తాత శనక్కాయలమ్మిన డబ్బుకు అవ్వ గాజులు కుదువబెట్టిన డబ్బు కలిపి ఇచ్చాడు.

టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో. నాలుగూ బ్రౌన్ కవర్లో పెట్టి ఇచ్చేశాను. రసీదు అడగడానికి మొహమాటం. నమ్మడం లేదనుకుంటారేమోనని! అక్కడి అమ్మాయి కవరు మీద నా పేరు పెన్సిల్‌తో రాసుకుంది. పెన్సిల్‌తో, చిన్నీ. అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

నాలుగో నెలలో ఒక సోమవారం పోయేసరికి షట్టర్ దించి తాళం వేసి ఉంది. పన్నెండు మందిమి మధ్యాహ్నం దాకా మెట్ల మీదే కూర్చున్నాం, ఎవరో ఒకరు వచ్చి తెరుస్తారని. కింద బేకరీ ఆయన తలా ఒక బన్ను ఇచ్చి డబ్బులు వద్దన్నాడు. అప్పుడర్థమైంది, ఇక ఎవరూ రారని.

సరిగ్గా ఆ నెలలోనే, ఎప్పుడో రాసిన ఒక ప్రభుత్వ రంగ సంస్థ పరీక్షలో పాసైనట్టు ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది. జిరాక్స్ కాపీలు పట్టుకుని వెళ్ళాను. క్లర్కు ఫైలు అటూ ఇటూ తిరగేసి "ఒరిజినల్ ఎల్లమ్మా?" అన్నాడు, ఎక్కడమ్మా అని కన్నడంలో. మంచివాడే, అరగంట ఆగాడు నాకోసం. తర్వాత లైన్లోంచి పక్కకు నిలబెట్టి వెనకాల ఉన్నవాణ్ణి పిలిచాడు.

డబ్బు పోవడం, ఆ ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. నేను చేసిన తప్పు వేరే ఉంది. ఇంట్లో చెప్పలేదు. షట్టర్ పడిన మూడు వారాలకు తాత చెప్పా పెట్టకుండా వచ్చాడు, చంకలో శనక్కాయల సంచితో. "నీ ఆఫీసు చూపీమ్మా" అన్నాడు. నేను తీసుకెళ్ళి ఎవరిదో అద్దాల బిల్డింగ్ గేటు ముందు నిలబెట్టి, "ఇదే నాయనా, నాలుగో అంతస్తు" అన్నాను. ఆయన మెడ ఎత్తి ఒకటి, రెండు, మూడు అని వేలితో లెక్కపెట్టుకుని నాలుగో దాని దగ్గర ఆగాడు. ఊరికెళ్ళి అందరికీ చెప్పాడంట.

తర్వాత డూప్లికేట్ల కోసం ఏడు నెలలు తిరిగాను. పోలీస్ స్టేషన్లో ఎస్సై "నువ్వే ఇచ్చి, పోయినాయని ఎట్లా రాస్తావు?" అని నిలదీశాడు. వెతికినా దొరకలేదని వాళ్ళ కాగితం, నోటరీ అఫిడవిట్, చలానా, టెన్త్ మెమోకి మళ్ళీ మన ఊరి హెడ్మాస్టర్ సంతకం. వీటన్నిటితోపాటు పేపర్లో ప్రకటన. నా పేరు, తండ్రి పేరు, హాల్ టికెట్ నంబరు, "పోగొట్టుకొనుట జరిగినది" అని. జిల్లా ఎడిషన్లో వేయించాను. తాత పొద్దున్నే టీ అంగట్లో చదివేది జిల్లా ఎడిషనే అని నాకు తట్టనే లేదు.

సంతకం కోసం ఊరికి పోతే ఆయన బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టలేదు. హెడ్మాస్టరుతో తానే మాట్లాడి సంతకం పెట్టించాడు. ఇంటికి నడుస్తూ మాత్రం అడిగాడు: "ఆ నాలుగో అంతస్తులో ఎవరుంటారు మరి?" తెలీదు నాయనా అన్నాను. "అద్దాలు బాగుండాయి" అని ఊరుకున్నాడు.

నా మెమోల మీద ఇప్పటికీ ఎర్ర సిరాతో డూప్లికేట్ అని ముద్ర ఉంటుంది. 2002లో మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో సర్క్యూట్ల గురించి అడగక ముందు ఆ ముద్ర గురించే అడిగారు.

కాబట్టి ఒరిజినల్స్ చూపించు, అదే టేబుల్ మీద వెనక్కి తీసుకో. వెరిఫికేషన్ అంటే చూడటం, ఉంచుకోవడం కాదు. సీట్లో చేరిన పిల్లల ఒరిజినల్స్ కాలేజీలు పట్టి ఉంచుకోకూడదని యూనివర్సిటీల మీద పెత్తనం చేసే యూజీసీయే 2018లో చెప్పింది. యూనివర్సిటీకే లేని హక్కు మూడు నెలల కోర్సువాడికి ఎక్కడిది? కాదంటే లేచి వచ్చేయ్. ఈ రాత్రికే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో దొరికినవి దింపుకో, మిగతావి స్కాన్ చేసి నాకు పంపు.

ఆ ఇనిస్టిట్యూట్‌ను కోర్సు గురించి కాదు, బ్యాచ్ గురించి అడుగు. పోయిన బ్యాచ్‌లో ఎంతమంది, ఎవరెవరు ఎక్కడ చేరారు, ఇద్దరి నంబర్లు ఇవ్వమను. నసిగితే నీకు జవాబు దొరికినట్టే. పాఠాల కోసమే అయితే ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో ఊరికే వినొచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు. డబ్బు పెట్టి నేర్చుకోవాలనే ఉంటే ప్రభుత్వ సంస్థ సీ-డాక్ ఉంది. దాని ప్రవేశ పరీక్ష సీ-క్యాట్ రాసి చేరాలి, ఆరు నెలలు పిండి ఆరేస్తారు. మా టీమ్‌లో అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళున్నారు, తప్పు దొరికేదాకా సీటు వదలరు.

ఇంకొకటి, మీ బ్యాచ్‌వాళ్ళు చిన్నచూపు చూసేది: అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఐటీఐ వాళ్ళకే అనుకుంటారు. డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్ళకూ ఉంది. నాట్స్ అనే ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దక్షిణాదికి దాని బోర్డు ఆఫీసు చెన్నై తరమణిలో ఉంది కానీ నువ్వు అంత దూరం పోనక్కర్లేదు. మామూలుగా ఏడాది పని, చివర్లో సర్టిఫికెట్. 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్ళకు కనీస స్టైపెండ్ నెలకు 9,000గా పెట్టారు, ఆ కనీసంలో సగం ప్రభుత్వమే భరిస్తుంది. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, అది తెలుసుకునే చేరు. ఈసీఈ దానివి, నీకు బీఈఎల్, హెచ్ఏఎల్ లాంటి ప్రభుత్వ కంపెనీల్లో బోర్డు చేత్తో పట్టుకుని సోల్డరింగ్ వాసన చూసే అవకాశం మళ్ళీ రాదు. బీఈఎల్ జాలహళ్ళిలో, మా విద్యారణ్యపుర ఇంటికి దగ్గరే. ఆ స్టైపెండ్‌లో పీజీ కడితే ఏమీ మిగలదు, మా ఇంట్లో ఉంటే అంతా మిగులుతుంది. ఇందులో నా స్వార్థం ఉందని మామ అంటున్నాడు. ఉంది.

మారతహళ్ళిలో నీకు ఇంకో మాట కూడా చెబుతారు, మెల్లగా, టీ తాగుతూ. "ఫ్రెషర్ అంటే ఎవరూ పిలవరు, మూడేళ్ళు ఎక్స్‌పీరియెన్స్ పెట్టేద్దాం, పేస్లిప్పులు మేమే ఇస్తాం" అని. నేను టేబుల్‌కు ఇటువైపు కూర్చుని చాలా చూశాను. నాలుగు రెజ్యూమెల్లో ఒకే బ్యాంకింగ్ ప్రాజెక్టు, ఒకే స్పెల్లింగ్ తప్పు. నేను టెక్నికల్ ప్రశ్నలు అడగను. "మీ ఆఫీసులో మధ్యాహ్నం ఎక్కడ తినేవాళ్ళు?" అంటాను. పాపం, అది వాళ్ళకెవరూ నేర్పి ఉండరు. అక్కడ దాటినా పీఎఫ్ దగ్గర దొరుకుతారు. యూఏఎన్ అనే నీ పీఎఫ్ నంబరు కింద ఎవరి దగ్గర ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో కనపడుతుంది, లేనిది కనపడదు. చేరిన ఆరు నెలలకు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో తేలి, సాయంత్రానికి ఐడీ కార్డు ఇచ్చి వెళ్ళిపోయిన కుర్రాణ్ణి లిఫ్ట్ దాకా నేనే దింపాను. వాడి ఫోన్ మోగుతూనే ఉంది, స్క్రీన్ మీద "అమ్మ" అని.

నీకు కోపమొస్తుంటుంది, అత్త అన్నిటికీ భయపెడుతుందని. నీకంటే తెలివి తక్కువదాన్నేం కాదులే అప్పట్లో, క్లాసులో రెండోదాన్ని. ఏదైనా తేడా కొడితే ముందు మీ నాన్నకు చెప్పు. నాన్నకు చెప్పలేకపోతే నాకు చెప్పు, రాత్రి రెండైనా సరే. బిల్డింగ్ మాత్రం చూపించొద్దు.

పగటి బస్సుకు రా. మెజిస్టిక్ దాకా పోవద్దు, హెబ్బాళ్‌లో దిగు, మామ ఫ్లైఓవర్ దగ్గర ఉంటాడు. మొదటి వారం మా ఇంట్లో ఉండు, ఇద్దరం కలిసి ఆ ఇనిస్టిట్యూట్‌కు పోదాం. ఫైలు పైన సామాన్ల అరలో పడేయకు, ఒళ్ళో పెట్టుకో. అవ్వ నెయ్యి పంపిస్తుంది, వద్దన్నా వినదు. నెయ్యి డబ్బా, సర్టిఫికెట్లు ఒకే సంచిలో పెట్టొద్దని అన్నకు చెప్పాను, నీకూ చెప్తున్నా.

మీ అత్త