గ్రాముకి ఎన్ని రూపాయలు?

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు, బరువు 78 కిలోలు. గచ్చిబౌలిలో ఉద్యోగం, నెలకు చేతికొచ్చేది 86,000. అద్దె 22,000, ఊళ్ళో అమ్మానాన్నలకు 12,000, ఇంటి ఖర్చు 26,000 దాకా అవుతాయి. సిప్ 15,000 కడుతున్నాను. ఎఫ్‌డీలో లక్షన్నర ఉంది. ఏటా 60,000 బోనస్ వస్తుంది. మా ఆవిడ ప్రస్తుతం ఉద్యోగం వెతుకుతోంది. రెండేళ్ళుగా 13 కిలోల హైబ్రిడ్ సైకిల్ తొక్కుతున్నాను. ఇప్పుడు ఎనిమిది కిలోల లోపు రోడ్ బైక్‌ను (సన్నటి టైర్ల రేసింగ్ తరహా సైకిల్) పార్టులు విడివిడిగా కొని కట్టించుకోవాలని ఉంది. 2,14,000 లెక్క తేలింది (షీట్ జత చేశాను). ఎఫ్‌డీలోంచి లక్ష తీసి, మిగతాది నో కాస్ట్ ఈఎంఐలో పెట్టి, సిప్ ఒక ఏడాది ఆపి వాయిదాలు కడదామనుకుంటున్నాను. ‘ఆ డబ్బుతో రెండు స్కూటీలొస్తాయి’ అంటోంది మా ఆవిడ. మీరేమంటారు?

జవాబు: స్కూటీల సంగతి పక్కన పెడదాం. రెండేళ్ళు మానకుండా తొక్కారంటే ఇది నాలుగు రోజుల మోజు కాదు. మంచి సైకిల్ కొనుక్కోవడం తప్పని నేననను. నేనూ ఆదివారం తెల్లవారుజామున నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) సైకిల్ ట్రాక్ మీద, ఆ సోలార్ కప్పు కింద తొక్కేవాణ్ణే. నాకు నచ్చనిది సైకిల్ కాదు, మీరు డబ్బు తెద్దామనుకున్న మూడు చోట్లూ.

మొదటిది ఎఫ్‌డీ. అద్దె, ఊరికి పంపేది, ఇంటి ఖర్చు కలిపితే నెలకు 60,000. అంటే మీ లక్షన్నర రెండున్నర నెలలకు సరిపోతుంది. ఇంట్లో ఒక్కటే జీతం ఉన్నప్పుడు, అదీ మీ రంగంలో, కనీసం ఆరు నెలలది ఉండాలి. ఇప్పటికే తక్కువున్న కుండలోంచి లక్ష తోడేస్తే మిగిలేది ఒక నెల ఖర్చు కూడా కాదు.

రెండోది సిప్. పన్నెండు నెలలు ఆపితే 1,80,000 పెట్టుబడి ఆగినట్టు. ఏటా 10 శాతం పెరుగుతుందనుకుంటే (అనుకోవడమే, హామీ ఏమీ లేదు) 20 ఏళ్ళకు అది దాదాపు 12 లక్షలు. పైగా ఒకసారి ఆపిన సిప్‌ను చెప్పిన నెలలోనే మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు నా దగ్గరికొచ్చే వాళ్ళలో తక్కువ.

మూడోది నో కాస్ట్ ఈఎంఐ. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్ళు ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. రొక్కం ఇస్తే దుకాణదారు తగ్గించేది ఎలాగూ పోయింది. పెద్ద నష్టం కాదు, కానీ ‘నో కాస్ట్’ కాదు.

ఇక మీ షీట్. పదిహేడు వరుసలూ చదివాను. అందులో బాటమ్ బ్రాకెట్ లేదు! పెడల్ క్రాంకు తిరిగే బేరింగ్ అది. షిమానో కంపెనీ క్రాంకు ఇరుసు 24 మిల్లీమీటర్లు, మీరు ఎంచుకున్న ఫ్రేమేమో ప్రెస్‌ఫిట్ (బేరింగ్‌ను మరతో కాక నొక్కి దించే రకం). ఆ రెండూ కలిసేది వెతికి కొనాలి, బిగించడానికి ప్రెస్ ఉన్న మెకానిక్ కావాలి. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగ్), కేబుళ్ళు, హ్యాండిల్‌కు చుట్టే బార్ టేపు, బిగింపు కూలి కూడా కనబడలేదు. ఇలాంటివి కలిపితే షీట్ 2,30,000 దాటినా నేను ఆశ్చర్యపోను. ఇంకో మాట, షీట్ మీద 2025 జూలై అని ఉంది. ఆ ఏడాది సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీదా వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఏది కొన్నా ఇప్పటి ధర మళ్ళీ అడగండి.

పార్టులు విడిగా కొంటే చవకన్నది సైకిల్ విషయంలో తిరగబడుతుంది. సైకిల్ కంపెనీ వేల గ్రూప్‌సెట్‌లు (గేర్లు, బ్రేకులు, క్రాంకు కలిసిన సెట్టు) ఒకేసారి కొంటుంది, మీరు ఒక్కటి కొంటారు. అవే పార్టులున్న రెడీమేడ్ సైకిల్ దాదాపు ఎప్పుడూ తక్కువకే వస్తుంది. కట్టుకోవడంలో సరదా ఉంది, నిజమే. కానీ ఆ సరదాకు ధర ఉందని తెలిసి కట్టుకోవాలి.

మన ఇళ్ళలో గ్రాముల లెక్క బంగారానికే వేస్తాం. ఇక్కడ కూడా వేసి చూడండి, మీ షీట్‌లోని ధరలతోనే. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు నూరు గ్రాముల పైన ఉంటుంది, టీపీయూ (పల్చటి ప్లాస్టిక్) ట్యూబు 40 లోపు. జత మారిస్తే 140 గ్రాముల దాకా తగ్గుతుంది, 1,600 ఖర్చు. గ్రాముకి 11 రూపాయలు. కార్బన్ హ్యాండిల్‌బార్‌కు అల్యూమినియం దానికన్నా 11,500 ఎక్కువ రాశారు, తగ్గేది 90 గ్రాములు. గ్రాముకి 128. మీరు రాసిన 62,000 కార్బన్ చక్రాలు, 24,000 అల్యూమినియం చక్రాలకన్నా తేలిక ఎంత? 150 గ్రాములు. గ్రాముకి 253! ఇదే లెక్కలో మీ పొట్ట చుట్టూ ఉన్న రెండు కిలోలు (మీరు రాయలేదు, 33 ఏళ్ళ ఐటీ ఉద్యోగి కదా అని నా అనుమానం) ఉచితం.

ఆ తేలిక ఏం కొనిపెడుతుందో చూద్దాం. అనంతగిరి కొండ మీద పది నిమిషాలు పట్టే ఎత్తు ఉందనుకోండి. సైకిల్, మీరు, నీళ్ళసీసా కలిపి 89 కిలోలు. సైకిల్ మామూలు రెడీమేడ్ రోడ్ బైక్ ఉండే తొమ్మిదిన్నర నుంచి మీరు కోరుకునే 7.9 కిలోలకు దిగితే మొత్తం బరువు 1.8 శాతం తగ్గింది. నిటారు ఎత్తులో సమయమూ దాదాపు అంతే తగ్గుతుంది. అంటే 11 సెకన్లు. ఓఆర్‌ఆర్ ట్రాక్ లాంటి చదును మీద అదీ ఉండదు, అక్కడ మిమ్మల్ని ఆపేది గాలి. ప్రపంచ స్థాయి పోటీల్లోనే 6.8 కిలోలకు తగ్గిన సైకిల్‌ను యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) ఒప్పుకోదు.

నేను చెప్పేది ఇది. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే కొమ్ములు), షిమానో సోరా స్థాయి గేర్లున్న రెడీమేడ్ రోడ్ బైక్‌ను 90,000 లోపు చూడండి. తొమ్మిదిన్నర, పది కిలోల మధ్య ఉంటుంది. కొన్ననాడే టైర్లూ ట్యూబులూ మార్చండి. కంపెనీతో వచ్చే వైర్ బీడ్ (అంచులో ఇనుప తీగ ఉన్న) టైర్ల బదులు మడతపడే ఫోల్డింగ్ టైర్లు వేస్తే బరువే కాదు, తొక్కుడే మారిపోతుంది. మీ పాత హైబ్రిడ్‌కీ కొత్తదానికీ ఉన్న తేడాలో ఎక్కువ భాగం మీకు అక్కడే తెలుస్తుంది. చక్రాల జోలికి మొదటి ఏడాది వెళ్ళకండి. చైనూ కాసెట్టూ (వెనక చక్రం మీది పళ్ళచక్రాల గుత్తి) అరిగేదాకా తొక్కి, అప్పటికీ మనసు లాగుతుంటే ఆ 24,000 చక్రాలు తీసుకోండి. కంపెనీ చక్రాలు సుమారు రెండు కిలోలుంటాయి కాబట్టి 400 గ్రాములు తగ్గుతుంది. గ్రాముకి 60, పర్వాలేదు.

సెకండ్‌హ్యాండ్‌లో అల్యూమినియం అయితే చూడొచ్చు. పాత కార్బన్ ఫ్రేము మాత్రం వద్దు. లోపలి పగులు పైకి కనబడదు, వారంటీ చాలావరకు మొదట కొన్నవారికే. ఇది పుస్తకంలో చదివింది కాదు. ఆరేళ్ళ కిందట నేను 120 గ్రాముల కోసం కార్బన్ సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) కొన్నాను. దాని మీద 5 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, ఎంత బిగించాలో చెప్పే కొలత) అని చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఆ కొలత మేరకే బిగించే టార్క్ రెంచ్ ఎందుకులే అని మామూలు ఎల్-కీతో చేతికొచ్చినంత బిగించాను. ‘టిక్’ అని చిన్న చప్పుడు, అంతే. వెంట్రుకవాసి గీత. తొమ్మిది వేలు పోయాయి. మర్నాడు పన్నెండు వందలు పెట్టి పాత అల్యూమినియందే మళ్ళీ కొనుక్కున్నాను. అందుకే మీ బడ్జెట్‌లో టార్క్ రెంచ్ కూడా పెట్టుకోమంటున్నాను.

డబ్బు సంగతి. జీతంలో ఇప్పుడు మీకు మిగిలేది నెలకు 11,000. అందులో 8,000 పది నెలల ఆర్‌డీలో వేయండి, మిగతా 3,000 ఎఫ్‌డీ వైపు. బోనస్‌లో సగం సైకిల్‌కు, సగం ఎఫ్‌డీకి. పదో నెలకు చేతిలో వడ్డీ కాక 1,10,000. సైకిల్‌కు 90,000 పోగా టైర్లు, ట్యూబులు, పెడల్స్, రెంచ్, లైట్లకు 20,000 మిగులుతుంది. చాలా రోడ్ బైకులు పెడల్స్ లేకుండానే వస్తాయి, బిల్లు వేయించేముందు అడగండి. ఎఫ్‌డీ అప్పటికి 2,10,000 అవుతుంది. ఇంకా తక్కువే, కానీ దిశ సరైనది. ఈలోగా మీ ఆవిడకు ఉద్యోగం వస్తే ఆ మొదటి ఆరు నెలల జీతంలో సగం అక్కడే పడనివ్వండి. హైబ్రిడ్ అమ్మకండి. వానాకాలం ఆఫీసుకు అదే పనికొస్తుంది, అమ్మితే వచ్చేదీ తక్కువే.

ఈ పది నెలల్లో చేయాల్సిన పని ఒకటుంది, దానికి పెద్దగా ఖర్చు లేదు. రెండు మూడు దుకాణాలకు వెళ్ళి ఒళ్ళు కొలిపించుకుని, వేర్వేరు సైజుల మీద కూర్చుని చూడండి. మీ షీట్‌లో ఫ్రేము సైజు 56 అని ఉంది, పక్కనే ప్రశ్నార్థకం కూడా ఉంది.