పాత ప్రెస్సు వయసు తెలిసేదెలా?

ప్రశ్న: చిక్కడపల్లిలో మా తాతగారు ట్రెడిల్ ప్రెస్సు (కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం) నడిపేవారు. మెషిన్ ఎప్పుడో అమ్మేశారు. బిల్లు పుస్తకాలు, శుభలేఖల నమూనాలు, రెండు కేసుల (గళ్ల పెట్టెల) టైపు, అంటే సీసపు అచ్చు అక్షరాలు మిగిలాయి. చాలావాటి మీద తేదీల్లేవు. ప్రెస్సు చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలండీ?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు కట్టలు విప్పకండమ్మా. ఏ కాగితం దేని పక్కన ఉందన్నది కూడా ఆధారమే. ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీసి, కట్టకో నంబరు వేశాకే విప్పండి. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి. లామినేషన్, సెల్లోటేపు జోలికి మాత్రం పోవద్దు.

తేదీ లేని బిల్లుకు డబ్బు లెక్కే దారి చూపిస్తుంది. 'ఓ.ఎస్.' అనో 'హాలీ సిక్కా' అనో ఉంటే అది నిజాం రూపాయి, 1950ల్లోనే చెలామణి పోయింది. 'నయాపైసలు' 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964లో 'నయా' పోయింది. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిదే. వట్టి 'హైదరాబాద్-20' అని ఉంటే మాత్రం అంతకు ముందుదని తేల్చేయకండి, ఆ అలవాటు చాలా ఏళ్లు సాగింది. ఇంకో మాట, అచ్చయిన ఫారం కంటే దాని మీది చేతిరాతనే నమ్మాలి. పాత బిల్లు పుస్తకాలు మిగిలితే ఏ చిన్న ప్రెస్సూ పారేయదు, అయిపోయేదాకా వాడుతుంది.

శుభలేఖల్లో తెలుగు సంవత్సరం పేరు చూడండి. 'వికారి' అంటే 1959–60 కావాలి, లేదా 2019–20. కార్డు వెనక్కి తిప్పి వేలితో తడమండి. సీసపు టైపు గట్టిగా నొక్కిన అచ్చయితే అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతాయి, ఆఫ్‌సెట్ (టైపు లేకుండా ప్లేటుతో వేసే తర్వాతి కాలపు అచ్చు) అయితే నున్నగా ఉంటుంది. తిథి, వారం కూడా ఉంటే ఆ ఏటి పంచాంగం తీసి తేదీ దాకా వెళ్లొచ్చు.

చిన్న పుస్తకాలు వేసి ఉంటే మొదటి పేజీల్లోనో చివరి అట్ట మీదో ప్రెస్సు పేరు, ఊరు దొరుకుతాయి. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత ప్రచురణలు వెతకండి.

టైపును తూకానికి అమ్మేయకండి, దయచేసి. ఒక్కో సైజు నుంచి కొన్ని అక్షరాలు దారంతో బిగించి కట్టి, రోలర్‌తో పల్చగా ఇంకు పూసి, పైన కాగితం పరిచి చెంచా వెనకవైపుతో రుద్దితే ప్రూఫు వస్తుంది. ఆ అక్షరాల తీరును శుభలేఖలతో పోల్చి చూస్తే మీ ప్రెస్సులో వేసినవేవో తెలుస్తాయి. అక్షరాల మీద తెల్లటి పొడి ఉంటే అది సీసపు తుప్పు, విషం. ఊదకండి, పొడి బ్రష్‌తో రుద్దకండి. గ్లౌజులు, మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.